మూడు నిమిషాల్లో అయిపోయే షేవింగ్‌కి నలభై నిమిషాలు పెడుతున్నాను, ఇందులో ఇంత తృప్తి ఎందుకు?

కొత్తపదును:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ఒక సందేహం ఉంది, దాంతోపాటు రెండు చిన్న పనితనం సమస్యలు కూడా ఉన్నాయి, అన్నీ ఒకేసారి అడిగేస్తున్నాను.

ఏడాది కిందటి దాకా నాది అయిదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్, డబ్బా నొక్కితే వచ్చే ఫోమ్. మూడు నిమిషాల్లో గడ్డం గీసేసుకుని బయటపడేవాణ్ణి, అద్దంలో నా మొహం నేనే సరిగ్గా చూసుకునేవాణ్ణి కాదు. ఒకరోజు కార్ట్రిడ్జ్‌లు అయిపోయాయి. పాత పెట్టెలో ఒక సేఫ్టీ రేజర్ కనిపిస్తే దానికి కొత్త బ్లేడు వేసి ప్రయత్నించాను. మొదటిరోజు గడ్డం కింద రెండు చోట్ల తెగింది, రెండోరోజు ఒకచోట. మూడో వారానికి ఆ రేజర్ తన బరువుతోనే కిందికి దిగుతుందని, నేను నొక్కాల్సిన పనే లేదని చేతికి అర్థమైంది. అప్పట్నుంచి వెనక్కి వెళ్ళలేదు. బ్రష్ వచ్చింది, గిన్నె వచ్చింది, గట్టి సబ్బు వచ్చింది. రెండు నెలల కిందట తుప్పు పట్టిన ఒక పాత స్ట్రెయిట్ రేజర్, అంటే పిడిలోకి మడిచే మంగలి కత్తి, కూడా తెచ్చుకుని, దాన్ని బాగు చేసే పనిలో పడ్డాను.

నాకు అర్థం కానిది ఏమిటంటే, ఈ పని ఇచ్చే తృప్తి దాని అవసరానికి చాలా మించి ఉంది. ఉద్యోగంలో నేను చేసే పని ఏదీ ఆ రోజుకి పూర్తయిపోయినట్టు అనిపించదు, ఒకటి అయ్యేలోగా ఇంకోటి మొదలవుతుంది, రాత్రి పడుకున్నాక కూడా అదే టెన్షన్. ఆదివారం పొద్దున గిన్నెలో నురగ తిప్పుతున్నప్పుడు మాత్రం మనసు ఒకచోట నిలబడుతుంది. ఇంట్లోవాళ్ళు ఏమీ అనరు గానీ, దీనికి ఇంతసేపు ఎందుకో వాళ్ళకి అర్థం కాదు, వాళ్ళకి చెబుదామంటే నాకూ మాటలు దొరకవు. పైగా లోపల ఒక అనుమానం కూడా ఉంది. ఈ ఏడాదిలో మూడు రేజర్లు, నాలుగు బ్రష్‌లు, పదకొండు సబ్బులు చేరాయి. నాకున్నది పని మీద ఇష్టమా, కొనుక్కోవడం మీద మోజా? మీరంతా ఎన్నో ఏళ్ళుగా ఇలాంటివి చేస్తున్నవాళ్ళు, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇక సమస్యలు. ఒకటి, నురగ గిన్నెలో బాగానే వస్తుంది, మొహానికి పట్టించాక రెండు నిమిషాల్లోపే పేలిపోయి పలచగా అయిపోతుంది. ఇల్లు మారాక మొదలైంది ఇది, సబ్బు, బ్రష్ అవే. రెండు, పాత కత్తిని 1000 నంబరు సానరాయి మీద ఎంత రుద్దినా కొన దగ్గర ఒక అంగుళం మేర పదును రావడం లేదు, మిగతా అంచు చేతిమీది వెంట్రుకల్ని చక్కగా తీస్తోంది.

సానరాయి_1000:

కొత్తపదునుగారూ, స్వాగతం. నురగ సంగతి సబ్బులు చేసేవాళ్ళు చెబుతారు, నేను కత్తి గురించి చెబుతాను. మీ అసలు ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు కూడా ఆ కత్తిలోనే ఉంది.

ముందు ఒక మార్కర్ పెన్ను తీసుకోండి. పదును అంచు పొడవునా రెండు వైపులా నల్లగా పూసి, ఆరనివ్వండి. రాయి మీద తేలిగ్గా అయిదారుసార్లు లాగి, భూతద్దంలో చూడండి. రాయి తగిలినచోట సిరా పోతుంది, తగలనిచోట అలాగే ఉంటుంది. మీ విషయంలో కొన దగ్గర సిరా కదిలి ఉండదని నా అంచనా. పాత కత్తులు ఏళ్ళ తరబడి ఎవరెవరి చేతుల్లోనో సాన తిని తిని, పైకి తిన్నగా కనిపించినా అంచు కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. అలాంటి కత్తిని రాయికి అడ్డంగా పెట్టి తిన్నగా లాగితే మధ్యభాగమే తగులుతుంది. లాగుతూ లాగుతూ చివరికి వచ్చేసరికి మడమ వైపు, అంటే పిడికి దగ్గరున్న అంచు వైపు, బరువు కాస్త తగ్గించి, కొనని రాయి మీదికి ఒరగనివ్వాలి. బలం వద్దు, ఒరగడం చాలు. ఇంకో మాట, మీ రాయి చదునుగా ఉందా? దాని మీద పెన్సిల్‌తో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, చదునైన గాజుపలక మీద పరిచిన ఉప్పుకాగితం మీద రుద్దండి. గీతలన్నీ ఒకేసారి పోతే చదును, మధ్యలో మిగిలిపోతే రాయి గుంట పడిందని లెక్క. నా మొదటి రాయి గుంట పడిందని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ లోపం నా చేతిలోనే ఉందనుకుని బాధపడ్డాను.

ఈ కత్తి నిర్మాణంలోనే ఒక అందం ఉంది. వంటింటి కత్తికి సాన పట్టేటప్పుడు కోణం మన మణికట్టే పట్టుకోవాలి. స్ట్రెయిట్ రేజర్‌కి ఆ బాధ లేదు. వెన్ను, అంచు రెండూ రాయికి ఆనించి లాగుతాం కాబట్టి వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది, సుమారు పదహారు పదిహేడు డిగ్రీలు వస్తుంది. ఏళ్ళు గడిచి అంచు అరిగితే వెన్ను కూడా దాంతోపాటే అరుగుతుంది, కోణం పెద్దగా మారదు. ఎప్పుడో ఎవరో ఇంత ఆలోచించి చేశారని తెలిసిన రోజున ఆ కత్తిని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మీ తృప్తి ఎక్కడినుంచి వస్తోందో చెప్పమన్నారు. 1000 రాయి మీంచి 4000కి, అక్కణ్ణించి 8000కి వెళ్ళేటప్పుడు చప్పుడు గమనించండి. మొదట్లో బరబరమని వినిపిస్తుంది, తర్వాత సన్నబడుతుంది, 12000 దగ్గర దాదాపు ఏమీ వినపడదు, నీటిపొర మీద కత్తి అతుక్కుని జారుతున్నట్టు చేతికి తెలుస్తుంది. మీరు చేసిన ప్రతి కదలికకీ ఆ క్షణంలోనే జవాబు వస్తుంది. తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది, సరిచేస్తే అదీ వెంటనే తెలుస్తుంది. మీ ఉద్యోగంలో దొరకనిది ఇదే అనుకుంటున్నాను. అక్కడ మనం ఈ రోజు చేసిన పని ఫలితం మూడు నెలల తర్వాత ఎవరో ఒకరు చెబితే గానీ తెలియదు, అదీ సగమే.

కొంచెం చరిత్ర. కింగ్ జిలెట్ అనే అమెరికన్ వ్యాపారి, వాడి పారేసే బ్లేడు వేసుకునే రేజర్‌ని అమ్మడం మొదలుపెట్టిన 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది తొంభై వేలకి పైగా రేజర్లు పోయాయి, 1904 నవంబర్‌లో పేటెంట్ కూడా వచ్చింది. అంతకు ముందు ఇంట్లో గడ్డం గీసుకునే మనిషికి తోలుపట్టీ మీద కత్తిని తిప్పడం రోజూ ఉండే పని. ఆ పని తప్పిందని జనం సంతోషించారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ పనితోపాటు ఒక నైపుణ్యం కూడా మన చేతుల్లోంచి జారిపోయింది. ఇప్పుడు ఎవరూ బలవంతపెట్టకుండా దాన్ని మళ్ళీ నేర్చుకుంటున్నాం. తప్పనిసరిగా చేసినప్పుడు చాకిరీ అనిపించిన పనే ఇష్టంతో చేస్తే విశ్రాంతి అవుతోంది, నాకైతే ఇందులో వింతేమీ కనిపించదు.

పాత కత్తి పిడి దేంతో చేసిందో కూడా ఒకసారి చూసుకోండి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే జాగ్రత్త. అది పాతబడి చెడిపోవడం మొదలైతే ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, కత్తికి తుప్పు పట్టేది దానివల్లే కావచ్చు. సెల్యులాయిడ్ తేలిగ్గా అంటుకుంటుంది కూడా, వేడి దగ్గర పెట్టకండి.

ఉంగరాల_గడ్డం:

నాది వేరే దారి. ఇష్టంతో రాలేదు, మెడ మీద కురుపులు భరించలేక వచ్చాను.

నా వెంట్రుక ఉంగరాలు తిరిగి మొలుస్తుంది. ఎక్కువ బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌లో మొదటి బ్లేడు వెంట్రుకని కొద్దిగా పైకి లాగుతుంది, అది వెనక్కి వెళ్ళేలోపే తర్వాతి బ్లేడు కోస్తుంది. తెగిన కొన చర్మం లోపలికి పోతుంది. తిన్నగా మొలిచే వెంట్రుకైతే మళ్ళీ బయటికి వస్తుంది, నాలాంటివాళ్ళకి లోపలే వంగి చర్మంలోకి గుచ్చుకుంటుంది. పదేళ్ళు ఎర్రటి మెడతోనే తిరిగాను, పెళ్ళి ఫొటోల్లో కూడా కాలర్ పైకి లాక్కునే ఉన్నాను.

ఒకే బ్లేడు రేజర్‌కి మారి, వెంట్రుక వాలుకి మాత్రమే గీయడం మొదలుపెట్టాక రెండు నెలల్లో మెడ చల్లబడింది. ఎదురు గీత పూర్తిగా మానేశాను. చేత్తో తడిమితే కాస్త గరుగ్గానే ఉంటుంది, ఉండనీ. అందరి మెడమీదా వాలు ఒకేలా ఉండదు, నాకు కుడివైపు కిందికి, ఎడమవైపు చెవి వైపుకి పోతుంది. రెండు రోజులు గడ్డం పెంచి వేలితో నాలుగు దిక్కులా రాసి చూస్తే ఏ వైపు మెత్తగా ఉందో తెలుస్తుంది. కాగితం మీద మొహం బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టుకున్నాను, ఇప్పటికీ అద్దం పక్కనే అంటించి ఉంది.

ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా నా మొహం మీద వెంట్రుక ఎటు మొలుస్తుందో నాకు తెలియదండీ. తృప్తి ఎందుకని అడిగారు కదా, నా ఒంటి గురించి నాకు తెలియని విషయం ఒకటి తెలిసింది, నాకు అందులోనే ఉంది తృప్తి.

సబ్బుగిన్నె:

తమ్ముడూ, నీ నురగ చచ్చిపోవడానికి కారణం దాదాపు ఖాయంగా నీళ్ళే. ఇల్లు మారాక మొదలైందన్నావు కాబట్టి ఇంకో అనుమానం కూడా అక్కర్లేదు.

గట్టి నీళ్ళలో, అదే కఠిన జలంలో, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. సబ్బు వాటితో కలిసి నీళ్ళలో కరగని తెల్లటి మడ్డిగా మారుతుంది, బకెట్టు అంచున పేరుకునేది అదే. నువ్వు బ్రష్‌కి తీసుకున్న సబ్బులో కొంత అలా వృథా అయిపోతే నురగకి మిగిలేది తక్కువ. పరీక్ష చాలా సులువు. రెండు చిన్న సీసాలు తీసుకో, ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ సగం దాకా పోయి. రెండింట్లోనూ ఒకే అంత సబ్బు తురుము వేసి ఒకే అన్నిసార్లు ఊపు. తేడా కళ్ళ ముందే కనిపిస్తుంది. తేడా ఉంటే బ్రష్ నానబెట్టడానికీ, నురగకీ డిస్టిల్డ్ వాటర్ వాడు, ఒక్క షేవింగ్‌కి అరగ్లాసు కూడా పట్టదు. అది కుదరకపోతే సబ్బు మీద బ్రష్‌ని ఇప్పుడు తిప్పేదానికి రెట్టింపు సేపు తిప్పు.

నీళ్ళు కలపడం కూడా చుక్కల లెక్కే. ముందు సబ్బు ఎక్కువ, నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు బ్రష్‌కి జిగురుగా అంటుకుని ఉంటుంది. వేళ్ళ కొసలు ముంచి మూడు నాలుగు చుక్కలు విదిలించు, తిప్పు, మళ్ళీ విదిలించు. కాసేపటికి పైకి కనిపించే బుడగలన్నీ మాయమై నునుపుగా మెరుస్తుంది, బ్రష్ ఎత్తితే కొన నిలబడి చివర్లో కొద్దిగా వంగుతుంది. అక్కడ ఆగిపోవాలి. ఒక్క చెంచాడు ఎక్కువైనా మళ్ళీ పెద్ద పెద్ద బుడగలు వస్తాయి. ఇక మొహం తడిపాక రెండు మూడు నిమిషాలు ఆగి, అప్పుడే నురగ పట్టించు, నీరు పీల్చుకుంటేనే వెంట్రుక మెత్తబడుతుంది. పొడి వెంట్రుకని ఎంత మంచి బ్లేడైనా లాగుతుంది.

నీ పెద్ద ప్రశ్నకి వస్తాను. నేను తొమ్మిదేళ్ళుగా షేవింగ్ సబ్బులు చేస్తున్నాను, నా మొహానికి అవసరమే లేదు. మావారి కోసమని మొదలుపెట్టాను, ఆయన మధ్యలో గడ్డం పెంచేసుకున్నా నేను మానలేదు. మామూలు ఒంటి సబ్బుకి కాస్టిక్ సోడా సరిపోతుంది, షేవింగ్ సబ్బుకి కాస్టిక్ పొటాష్ ఎక్కువ పాళ్ళు కలిపితే మెత్తగా ఉండి బ్రష్‌కి తొందరగా ఎక్కుతుంది. నిలబడే నురగ కోసం స్టియరిక్ ఆసిడ్, అంటే కొవ్వుల్లోంచి తీసే మైనంలాంటి పదార్థం, వేస్తాను, సగానికి దగ్గరగా. మొదటిసారి ఏం జరిగిందో చెబుతాను. స్టియరిక్ ఆసిడ్ కరగాలంటే సుమారు డెబ్భై డిగ్రీల వేడి కావాలి. కరిగింది, నూనెలతో కలిసి గాజులా నిర్మలంగా ఉంది. క్షారం నీళ్ళు పోశాను. రెండు గరిటెలు తిప్పానో లేదో మొత్తం ఒక్కసారిగా గడ్డకట్టి ముద్దయిపోయింది, గరిటె అందులోనే ఇరుక్కుంది. పాడైపోయిందనుకుని ఏడుపొచ్చింది. తీరా తెలుసుకుంటే స్టియరిక్ ఆసిడ్ నూనెలా నెమ్మదిగా సబ్బు కాదు, క్షారం తగలగానే అయిపోతుంది, అది దాని స్వభావం. చేయాల్సిందల్లా సన్నటి వేడి మీద ఓపిగ్గా కలుపుతూ ఉండటమే. గంట గడిచేసరికి ఆ ముద్ద మెత్తబడి, మైనంలా మెరిసింది.

ఆ గంటలో నేను నేర్చుకున్నది ఇప్పటికీ నాతో ఉంది. పాడైపోయిందని మనం అనుకున్న చోట ఆ పదార్థం తన పని తాను చేసుకుంటోంది. దాని గురించి నాకు తెలియకపోవడం వల్ల వచ్చిన భయం అది. ఇప్పుడు క్షారం పోసే ఆ క్షణం కోసమే ఎదురుచూస్తాను.

ఇది చదివి ఎవరైనా మొదలుపెట్టేటట్టయితే ఒక్క మాట, ఇందులో సర్దుబాటు లేదు. కళ్ళద్దాలు, చేతులకి గ్లౌజులు, గాలి ఆడే చోటు ఉండాలి. క్షారాన్నే నీళ్ళలో వేయాలి, నీళ్ళని క్షారం మీద పోయకూడదు, ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలు వద్దు, క్షారం దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. కొలతలన్నీ గ్రాముల్లో, తూకం వేసి మాత్రమే. ఒక్కో నూనెకి ఎంత క్షారం పడుతుందో లెక్క వేరు, పట్టిక చూడకుండా ఎవరి నూనె పాళ్ళూ మార్చకండి.

సూటిమాట:

పదకొండు సబ్బులు అన్నావు కదా భయ్యా. ఒక సబ్బు రోజూ వాడినా కొన్ని నెలలు వస్తుంది. లెక్క నువ్వే వేసుకో.

ఇలా అంటున్నందుకు ఏమీ అనుకోకు, నేనూ అదే గుంటలో పడి లేచాను. ఒకప్పుడు నా దగ్గర ఇరవై రెండు రేజర్లు ఉండేవి, వారంలో వాడేది ఒక్కటే. మిగతా వాటి గురించి రాత్రిళ్ళు చదవడం, పోల్చడం, తెప్పించుకోవడం, పార్సిల్ విప్పడం. విప్పిన సాయంత్రం ఉన్న ఉత్సాహం మర్నాడు ఉండేది కాదు, ఇంకో దానికోసం వెతుకులాట మొదలయ్యేది. పందొమ్మిది ఇచ్చేశాను. మిగిలిన మూడింటిలో ఒకటి ఎలా గీస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను ఇప్పుడు, అప్పట్లో ఏదీ చెప్పలేకపోయేవాణ్ణి.

2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ ఒక పరిశోధన ప్రచురించారు, మనమే బిగించుకునే ఫర్నిచర్ అమ్మే ఐకియా కంపెనీ పేరుమీద ఐకియా ఎఫెక్ట్ అంటారు దాన్ని. తమ చేత్తో మడిచిన కాగితం బొమ్మలకి మనుషులు బయటివాళ్ళు కట్టే దానికంటే చాలా ఎక్కువ విలువ కట్టారు. అందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, చేసినదాన్ని విప్పేసినా, సగంలో ఆపేయాల్సి వచ్చినా ఆ ఇష్టం కలగలేదు. నీ తుప్పు కత్తి రెండు నెలలుగా సగంలో ఉందన్నావు కాబట్టి చెబుతున్నాను. అది పూర్తయ్యేదాకా ఇంకేదీ కొనకు. పూర్తయ్యాక కూడా కొనాలనే ఉంటే అప్పుడు ఆలోచించు.

ఇంకోటి. ఇద్దరు చంటిపిల్లలున్న ఇంట్లో నలభై నిమిషాలు ఎవరికీ దొరకవు. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వారం రోజులూ కార్ట్రిడ్జే వాడాను, ఏమీ నష్టపోలేదు. ఆ నలభై నిమిషాలు నీకెవరు ఇస్తున్నారో, ఆ సేపు ఇంట్లో పని ఎవరు చేస్తున్నారో కూడా చూసుకో.

దువ్వెనపళ్ళు:

సూటిమాటగారి చివరి మాట నాకు చాలా నచ్చింది. నేను గడ్డం మనిషిని కాదు, చెక్క దువ్వెనలు చేస్తాను. అయినా ఈ చర్చ నాదే అనిపించి రాస్తున్నాను.

మా అమ్మాయికి నడుము దాకా జుట్టు. ప్లాస్టిక్ దువ్వెన పెడితే చిక్కు పడి ఏడ్చేది. ఒకరోజు ఆ దువ్వెనని వెలుతురుకి పట్టి చూస్తే ప్రతి పంటికీ పక్కన సన్నటి అంచు కనిపించింది, అచ్చు రెండు ముక్కలు కలిసే చోట మిగిలిపోయే గీత అది. వేలితో రాస్తే గీసుకుంటోంది. వెంట్రుక పైపొర మీద రోజూ అది గీస్తూ ఉంటే ఏమవుతుంది? అప్పుడు మొదలుపెట్టాను.

మొదటి దువ్వెన మూడు పళ్ళు విరిగిపోయాయి. చెక్కలో నార పంటికి అడ్డంగా పోయేలా కోశానని తర్వాత తెలిసింది. నార పంటి పొడవునా పోవాలి, లేకపోతే పన్ను పుల్లముక్కలా విరుగుతుంది. ఇప్పుడు చెక్క ముక్క చేతికి రాగానే ముందు నార ఎటుందో చూస్తాను, తర్వాతే పెన్సిల్. సన్నరంపంతో పళ్ళు కోయడం గంటన్నర పని, అసలు పని ఆ తర్వాత ఉంది. ప్రతి రెండు పళ్ళ మధ్యా ఉప్పుకాగితం సన్నటి పట్టీలా కత్తిరించి, దారం లాగినట్టు అటూ ఇటూ లాగాలి. ముప్పై పళ్ళు ఉంటే సందులు ఇరవై తొమ్మిది. ఒక్కో సందులో మూడు రకాల కాగితం. చివరికి ఒక పలచటి పట్టుగుడ్డని పళ్ళ మధ్యలోంచి లాగి చూస్తాను, ఎక్కడైనా దారం పట్టుకుంటే మళ్ళీ ఆ సందుకే వెళ్తాను. పద్దెనిమిదో సందు దగ్గర ఉన్నప్పుడు నాకు ఇంకేమీ గుర్తురాదు. బాకీలు గుర్తురావు, ఎవరన్న మాటలూ గుర్తురావు.

మూడో దువ్వెనతో మా అమ్మాయి జుట్టు దువ్వాను. చివర్ల నుంచి మొదలుపెట్టి, చిక్కు విడిపోయాక కాస్త పైనుంచి, అలా పైకి వెళ్ళాలి, తడి జుట్టు సాగి తెగుతుంది కాబట్టి కాస్త ఆరనిచ్చాకే. పావుగంట పట్టింది. అంతసేపూ పిల్ల బడి కబుర్లు చెబుతూనే ఉంది, అంతకుముందు తల దువ్వుతుంటే ఏడుపు తప్ప మాట వినలేదు నేను. ఇప్పుడు తనకి పదమూడేళ్ళు, తనంతట తను దువ్వుకోగలదు, అయినా ఆదివారం దువ్వెన పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంటుంది.

అందుకే కొత్తపదునుగారూ, ఇంట్లోవాళ్ళకి మాటల్లో చెప్పలేకపోతే ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని బ్రష్ వాళ్ళ చేతికివ్వండి. నురగ వాళ్ళని తిప్పమనండి.

ఉంగరాల_గడ్డం:

దువ్వెనపళ్ళుగారూ, చెక్కకి చివర్లో ఏం పూస్తారు? నేను బ్రష్ పిడి ఒకటి చెక్కతో చేద్దామనుకుంటున్నాను, రోజూ నీళ్ళు తగులుతాయి కదా.

దువ్వెనపళ్ళు:

దువ్వెనకైతే అవిసె నూనె పలచగా పూసి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ పూస్తాను, నాలుగు పూతలు. పూత పూతకీ మధ్య ఒకటి రెండు రోజులు. రోజూ తడిసే పిడికి అది చాలదండీ, నీళ్ళు లోపలికి పోని గట్టి పూత ఉండాలి. కుచ్చు పెట్టడానికి తొలిచిన రంధ్రం లోపల కూడా పూయడం మర్చిపోవద్దు, నీళ్ళు ముందు అక్కణ్ణించే దిగుతాయి. ఒక జాగ్రత్త, అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకోగలవు. విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పెట్టండి.

కొత్తపదును:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, చేసి చూసి చెబుదామని.

సబ్బుగిన్నె అక్కా, నీళ్ళే. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఊపాను. డిస్టిల్డ్ వాటర్ సీసాలో నురగ మూతదాకా లేచి పావుగంటైనా అలాగే ఉంది, కుళాయి నీళ్ళ సీసాలో నిమిషంలో సగానికి దిగి అడుగున తెల్లటి పెచ్చులు తేలాయి. ఇల్లు మారినప్పట్నుంచి తప్పు నా చేతిలో ఉందనుకుని రెండు సబ్బులూ ఒక బ్రష్ అదనంగా కొన్నాను, అది తల్చుకుంటే బాధగానే ఉంది.

సూటిమాట అన్నా, ఈ మూడు వారాల్లో ఏమీ కొనలేదు. ఒక సబ్బు ముందు పెట్టుకుని మిగతావన్నీ డబ్బాలో పెట్టి పైన అటక మీద పెట్టేశాను. ఒకే సబ్బుతో వరసగా గీసుకుంటుంటే దానికి ఎన్ని చుక్కల నీళ్ళు కావాలో ఇప్పుడు లెక్కపెట్టకుండానే తెలుస్తోంది. ఇంట్లో పని గురించి మీరన్నదీ నిజమే, నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆదివారం పొద్దున నా వంతు పని ముందు పూర్తి చేసి, ఆ తర్వాతే గిన్నె తీస్తున్నాను.

సానరాయిగారూ, మార్కర్ పూసి చూశాను. మీరన్నట్టే కొన దగ్గర ముప్పావు అంగుళం సిరా అసలు కదల్లేదు. రాయి కూడా మధ్యలో గుంట పడే ఉంది, గీతలు పోవడానికి దాదాపు గంట రుద్దాను. ఆ తర్వాత కొనని ఒరగనిచ్చి లాగితే పాతిక సార్లకి సిరా మొత్తం పోయింది. 4000, 8000 అయ్యాక తోలుపట్టీ మీద యాభై సార్లు తిప్పాను. మొదటిరోజు కుడి బుగ్గ మాత్రమే గీశాను, మిగతా మొహం సేఫ్టీ రేజర్‌తో. ఎడమచేత్తో చెవి దగ్గర చర్మం పైకి లాగి పట్టుకుని, ముప్పై డిగ్రీల కోణంలో కత్తి ఆనించి కిందికి దింపాను. మీరు రాయి మీద చప్పుడు గురించి రాశారు కదా, బుగ్గ మీద కూడా ఒకటి వినిపించింది. ఎండుటాకు మీద వేలు రాసినట్టు, చాలా సన్నగా. సేఫ్టీ రేజర్‌తో ఏడాదిలో ఒక్కసారి కూడా అది వినలేదు నేను.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. కత్తి కింద పెట్టాక వచ్చి బుగ్గ తడిమి చూసి, రెండో బుగ్గ ఎప్పుడు అని అడిగింది.

సానరాయి_1000:

చాలా సంతోషం. రెండో బుగ్గకి తొందరేమీ లేదు, ఎడమ చేత్తో పట్టుకోవడం అలవాటయ్యేదాకా కుడి బుగ్గే చేయండి. పది రోజులకో పదిహేను రోజులకో కాస్త లాగినట్టు అనిపిస్తే భయపడకండి. 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద బ్లేడుతో వెంట్రుకలు కోసి చూశారు. వెంట్రుక ఉక్కుకంటే సుమారు యాభై రెట్లు మెత్తన, అయినా అంచులో ఉక్కు నిర్మాణం అంతటా ఒకేలా లేనిచోట వెంట్రుక వంగి తగిలితే చిన్న పెచ్చు లేస్తోంది. అలా అయినప్పుడు 8000 రాయి మీద నాలుగు లాగుళ్ళు లాగితే మళ్ళీ దారికొస్తుంది, 1000 దాకా వెళ్ళకండి.

ఒకటి అడగడం మర్చిపోయాను. గీసుకున్నాక కత్తిని ఎలా ఆరబెట్టారు?

కొత్తపదును:

మెత్తటి గుడ్డతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకి తుడిచి, పిడి మధ్యలో తడి ఉండిపోతుందని గుడ్డ కొసని లోపలికి దూర్చి లాగాను. కత్తి సగం తెరిచి గాలి తగిలే చోట రెండు గంటలు ఉంచి, ఒక చుక్క నూనె రాసి మూశాను. పిడి సెల్యులాయిడ్ కాదు, కొమ్ముది.